బందరు రేవును ముంచింది ఉప్పెనేనా?

బందరు ఎందుకు చితికిపోయిందని మన వైపు ఎవరినడిగినా ఒకటే జవాబు: "ఉప్పెన వచ్చింది కదండీ!" 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన అది. ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 30,000 మంది పోయారు. మన బడిలో సోషల్ మాస్టారు వలందులు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు అని వరసగా చెప్పుకొచ్చి, ఉప్పెన దగ్గర పాఠం ముగించేవారు. పరీక్షలో బందరు పతనానికి కారణం అడిగితే "ఉప్పెన" అని ఒక్క ముక్క రాసినా మార్కు పడేది.

నేను చరిత్రకారుణ్ణి కాను. దాదాపు ముప్పై ఏళ్ళుగా రేవుల పనుల్లో, కాలువల పనుల్లో తిరుగుతున్న సివిల్ ఇంజనీరుని. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, చిన్ననాటి ముచ్చట్లు మిగతా మిత్రులు నాకన్నా బాగా రాస్తారు కాబట్టి అవి వాళ్ళకే వదిలేశాను. రేవులు కట్టేవాడి కళ్ళతో మన ఊరి చరిత్ర చూస్తే ఏం కనబడుతుందో గురువులకూ మిత్రులకూ చెప్పాలనుకున్నాను.

నాకు కనబడినది ఇది. ఉప్పెన బందరును కొట్టింది నిజమే. కానీ అది వచ్చేనాటికే రేవు నూట డెబ్బై ఏళ్ళుగా నీరసిస్తూ వచ్చింది. రేవు బతికేది ముందున్న సముద్రం వల్ల కాదు, వెనకాల ఉన్న దేశం వల్ల. వెనకాల నుంచి సరుకు వచ్చే దారులు ఒక్కొక్కటే వేరేవైపు మళ్ళిపోయాయి. కొత్త రేవు కడుతున్న ఈ రోజుల్లో ఈ సంగతి పాత కథ అనుకోవడానికి వీల్లేదు.

మంచి రేవు కాదు, మంచి దారి

బందరులో పేటల పేర్లే ఒక చరిత్ర పుస్తకం. వలందపాలెం డచ్చివాళ్ళది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రెంచిపేటనే పరాసుపేట అని కూడా అన్నారు. అసలు "బందరు" అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ కాలుపెట్టిన తొలి ముప్పై ఏళ్ళలో ఎక్కువ కాలం వాళ్ళ పెద్ద కచేరీ బందరే. మద్రాసు అప్పటికి పుట్టలేదు.

వాళ్ళకన్నా ముందు పారశీక వర్తకులు వచ్చారు. అంతకు ముందు, రెండు వేల ఏళ్ళ నాటి గ్రీకు రాతల్లో ఈ తీరం "మసాలియా", "మైసోలియా" అన్న పేర్లతో ఉంది. టోలెమీ చెప్పిన "కంటకోస్సిల" అనే వర్తక పట్టణం దివిసీమ పక్కనున్న మన ఘంటసాలేనని పండితులు గుర్తించారు. అంటే ఊరు మారినా, కృష్ణ ముఖద్వారం దగ్గర రేవు అనేది మనకు కొత్త కాదు.

ఇంజనీరుగా నాకు ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. బందరు ఏనాడూ సహజమైన మంచి రేవు కాదు. డెల్టా తీరం కాబట్టి సముద్రపు అడుగు చాలా మెల్లగా లోతవుతుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు సుమారు ఐదు మైళ్ళ దూరంలో లంగరు వేసుకునేవి. సరుకంతా పడవల మీద ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరగాలి. ఏటి ముఖంలో ఇసుక మేట వేస్తుంది. ఒకపక్క కృష్ణ తెచ్చే ఒండ్రు, మరోపక్క కెరటాలు ఒడ్డు వెంబడి తోసుకుపోయే ఇసుక. ఊరి చుట్టూ ఉప్పుటేళ్ళు, చిత్తడి. తుఫాను వస్తే ఓడకు దాక్కునే చోటు లేదు. ఇలాంటి చోట రేవు కట్టమని ఈ రోజు నన్నడిగితే ముందు ఖర్చు లెక్క చూపిస్తాను.

అయినా ప్రపంచమంతా ఇక్కడికే వచ్చింది. ఎందుకంటే ఇక్కడ నుంచి కృష్ణ వెంబడి గోల్కొండకు, హైదరాబాదుకు బాట ఉంది. కుతుబ్ షాహీల రాజ్యానికి ఇది సముద్రపు వాకిలి. ఆ బాట మీద కొల్లూరు గనుల వజ్రాలు, తెలంగాణ ఉక్కు, నీలిమందు దిగివచ్చేవి. బందరులో హవల్దారుగా పనిచేసిన మీర్ జుమ్లా సొంత ఓడలు తిప్పి, తర్వాత గోల్కొండకు ప్రధానమంత్రి అయ్యాడంటే ఆ పదవికి ఎంత రాబడి ఉండేదో ఊహించుకోవచ్చు.

వజ్రాలకన్నా ఎక్కువమందికి అన్నం పెట్టింది బట్ట. డెల్టా పల్లెల్లో నేసిన నూలుబట్టను కరక్కాయ నీళ్ళలో తడిపి, టేకు అచ్చులతో అద్ది, చిరువేరుతో ఎరుపు ఎక్కించి, పారే నీళ్ళలో ఉతికి ఆరబెట్టేవారు. అదే మనం పెడనలో నేటికీ చూసే కలంకారీ. ఎన్ని ఉతుకులకైనా రంగు పోని అద్దకం అప్పటికి యూరపు వాళ్ళకు చేతకాదు. ఆ బట్ట పర్షియాకు, అరేబియాకు, పెగూకు, సుమత్రా, జావా దీవులకు వెళ్ళేది. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనడానికి వెండికన్నా మన బట్టే బాగా చెల్లేది. డచ్చివాళ్ళు వలందపాలెంలో కూర్చున్నది మన మీద ప్రేమతో కాదు, బట్ట లేకపోతే మసాలా దినుసులు దొరకవు కాబట్టి.

రాజధాని పోయింది

మొదటి దెబ్బ సముద్రం నుంచి కాదు, పడమటి నుంచి వచ్చింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. మొగలుల దక్కనుకు ఔరంగాబాదు ముఖ్యస్థానమైంది, హైదరాబాదు వెనకబడింది. రాజధానిలో వజ్రాలు, గుర్రాలు, పట్టు కొనే షావుకార్లు, సర్దార్లు లేకపోతే రాజధానికి సరుకు పంపే రేవుకు ఏం పని? దానికి తోడు 1680లలో కరువు, అంటురోగాలు పల్లెలను ఖాళీ చేశాయి.

ఈలోగా దక్షిణాన ఒక ప్రత్యర్థి సిద్ధంగా ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1639లో మద్రాసు పట్టా సంపాదించి కోట కట్టుకున్నారు. 1641లో పెద్ద కచేరీని బందరు నుంచి అక్కడికి మార్చారు. మద్రాసుకూ మంచి రేవు లేదు. కెరటాల మీద పడవలు తిరగబడే చోటు అది. కానీ అక్కడ నవాబు మనుషుల జులుం లేదు, కోటలో ఫిరంగులున్నాయి, వర్తకుడి సొమ్ముకు రక్షణ ఉంది. సేట్లు, దుబాసీలు, అద్దకపు పనివాళ్ళు అక్కడికి చేరారు. గోల్కొండ వజ్రాల వ్యాపారం కూడా మద్రాసుకే మళ్ళింది.

పద్దెనిమిదో శతాబ్దంలో బందరు పేరు మళ్ళీ వినబడుతుంది, అయితే సరుకు కోసం కాదు, కోట కోసం. ఫ్రెంచివాళ్ళు దాన్ని పట్టుకున్నారు. 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డు వాళ్ళ నుంచి లాక్కున్నాడు. దాంతో ఉత్తర సర్కారులు క్రమంగా కంపెనీ చేతికి వచ్చాయి. తీరం కంపెనీది, వెనకాల దేశం నిజాముది అయింది. ఒకప్పుడు ఒకే రాజు కింద ఉన్న రేవుకూ రాజధానికీ మధ్య సరిహద్దు పడింది. 1802 వాణిజ్య ఒప్పందంలో నిజాముకు బందరు రేవు వాడుకునే హక్కు రాశారు గానీ, కాగితం మీద రాసినంత మాత్రాన పాత బాట తిరిగి రాలేదు.

బట్ట పోయింది

రెండో దెబ్బ మగ్గానికి. మన అద్దకం బట్ట లండనులో ఎంత చెల్లిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకొకటి చేసి ఇలాంటి బట్టలు ఇంగ్లండులో వాడకుండా నిషేధించారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధించింది. తూర్పు దీవులకూ పశ్చిమాసియాకూ వ్యాపారం సాగింది కాబట్టి బందరు వెంటనే కూలిపోలేదు. కానీ ఆ నిషేధాల నీడలో ఇంగ్లండు అద్దకం నేర్చుకుంది, తర్వాత వడకడం, నేయడం మరల మీదికి తెచ్చింది.

1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయి మాంచెస్టరు బట్టకు మన దేశం తలుపులు తెరుచుకున్నాయి. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసి పూర్తిగా పన్నులు వసూలు చేసే సర్కారుగా మిగిలింది. అప్పటివరకు డెల్టా నేతగాడికి బయానా ఇచ్చి బట్ట నేయించుకునే పెద్ద కొనుగోలుదారు ఒక్కసారిగా లేకుండాపోయాడు. ఆ కంపెనీ బేరం న్యాయమైనది కాదు, నేతగాడిని అప్పులో కట్టేసేది. అయినా ఆ బేరం కూడా పోయాక చేతిలో మిగిలింది ఖాళీ మగ్గం.

సరిగ్గా అప్పుడే 1832-33 నందననామ సంవత్సరపు కరువు వచ్చింది. కృష్ణకు అవతల గుంటూరు సీమలో సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా పోయారని అంచనా. సరుకు నేసేవాడు, కొనేవాడు, మోసేవాడు అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

చివరి మేకు రసాయన శాస్త్రం కొట్టింది. మన చిరువేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. దాన్నే 1860ల చివర్లో జర్మనీ శాస్త్రజ్ఞులు తారు నుంచి తయారుచేశారు. 1897లో నీలిమందుకూ అదే గతి పట్టింది. శతాబ్దాలపాటు చేతి రహస్యంగా ఉన్న రంగు డబ్బాలో దొరకసాగింది.

ఉప్పెన ఏం చేసింది?

ఇప్పుడు 1864కు వద్దాం. ఆ రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చింది, మైళ్ళ కొద్దీ లోపలికి పోయింది. బావులు ఉప్పగిల్లాయి. కోట దెబ్బతింది. ఆ మరుసటి ఏడాదికి అక్కడి నుంచి సైన్యాన్ని కూడా తీసేశారు. ఆ చావులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ తర్వాత ఎందుకు లేవలేదు? పెద్ద ఉప్పెన వచ్చిన రేవులన్నీ చచ్చిపోవు. అదే 1864లో, నెల ముందు, అక్టోబరులో కలకత్తాను ఇంకా పెద్ద తుఫాను కొట్టింది. ఓడలు గట్టు మీదికెక్కాయి, వేల మంది పోయారు. కలకత్తా మళ్ళీ కట్టుకుంది, ఎందుకంటే దాని వెనకాల గంగా మైదానమంతా ఉంది, అప్పటికే రైలు వచ్చింది. బందరులో పడిపోయిన గిడ్డంగిని తిరిగి కట్టడానికి డబ్బు పెట్టేవాడు లేడు, గిడ్డంగిలో పెట్టడానికి సరుకు లేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. కోడూరు, నాగాయలంక, హంసలదీవి, పాలకాయతిప్ప పేర్లు దేశమంతా విన్నది అప్పుడే. ఆ తర్వాత మన బడిలో చేరిన దివిసీమ పిల్లల్లో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు నేను రాయను, ఇది చదివేవాళ్ళకు తెలుసు. అయినా దివిసీమ ఖాళీ కాలేదు. మండలి వెంకట కృష్ణారావు గారి లాంటి నాయకులు, ఎన్నో సేవాసంస్థలు నిలబడ్డారు. దానితో పాటు ఇంకొకటుంది: కాలవ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ నీళ్ళు మళ్ళీ పారాయి, ఉప్పు కడిగాయి, వరి పండింది. బతుకుదెరువు అక్కడే ఉంది కాబట్టి మనుషులు అక్కడే ఉన్నారు. 1864లో బందరు రేవుకు లేనిది అదే.

ఓడలు బళ్ళయ్యాయి

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన సామెత. బందరు విషయంలో అది అక్షరాలా జరిగింది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడింది. బందరు కాలువలో పడవలు తిరిగాయి. ఇంత ధాన్యం పండుతుంటే రేవు మళ్ళీ బతకాలి కదా? కానీ కాలువలు నీళ్ళను ఒకవైపే పారిస్తాయి గానీ, సరుకును రెండువైపులా తీసుకుపోతాయి. ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాతో కలిపిన పడవ దారి కాకినాడ చేరింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల వచ్చిన పత్తి గిరాకీతో కాకినాడ రేవు ఎదిగింది. దక్షిణాన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మద్రాసుకు దారి ఇచ్చాయి. మధ్యలో బందరు మిగిలిపోయింది. ఓడలు కూడా మారాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడల కాలం. గంటల లెక్కన కిరాయి కట్టుకునే ఆ ఓడలకు ఐదు మైళ్ళ దూరాన లంగరేసి పడవల కోసం ఎదురుచూసే ఓపిక ఎక్కడిది?

ఆఖరుది రైలు. 1874లో సికింద్రాబాదును వాడీ దగ్గర బొంబాయి లైనుతో కలిపారు. రెండు వందల ఏళ్ళపాటు బందరు వైపు చూసిన హైదరాబాదు ముఖం పడమటికి తిప్పుకుంది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద వంతెన వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేసరికి మద్రాసు నుంచి కలకత్తాకు దారి కలిసింది. బందరుకు రైలు వచ్చింది 1908లో, అదీ ఆఖరు స్టేషనుగా. పంతొమ్మిదేళ్ళ ఆలస్యం.

ఒక్క లెక్క చూడండి. 1901 జనగణనలో బందరు జనాభా 39,507. బెజవాడ 24,224. అప్పటికింకా మనదే పెద్ద ఊరు. 2011కు విజయవాడ పది లక్షలు దాటింది, బందరు సుమారు 1,70,000 దగ్గర ఆగింది. అది 2001 కన్నా తక్కువ.

గుడివాడ ఇందులో మంచి సాక్ష్యం. బందరుకున్న చరిత్ర, కోట, కలెక్టరు కచేరీ దానికి లేవు. కానీ 1928లో భీమవరం లైను కలవడంతో జంక్షన్ అయింది. చుట్టూ వరి, మధ్యలో రైలు. బియ్యం మిల్లులు, ధాన్యం వ్యాపారం అక్కడ పాదుకున్నాయి. దారులు కలిసే చోట ఊరు పెరుగుతుంది, దారి ఆగిపోయే చోట ఊరు కూడా ఆగుతుంది. ఇది మన మూడు ఊళ్ళ కథ.

రెండో బతుకు, రెండో వలస

రేవు పోయాక బందరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1843లో నోబుల్ దొర పెట్టిన బడి కాలేజీ అయింది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు కలిసి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి గారి ఆంధ్రా బ్యాంకు. 1920లలోనే సైన్సు పరికరాలు తయారుచేసే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ. సముద్రం ఇవ్వనిది చదువు ఇచ్చింది. డెల్టా రైతు మిగుల్చుకున్న సొమ్ము బ్యాంకుకు పెట్టుబడి అయింది.

అయితే అక్కడా అదే వరస. బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదు వెళ్ళింది, 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి పేరే పోయింది. సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి మాత్రం ఇక్కడే నిలిచింది, అందుకు సంతోషించాలి. ఊళ్ళో చేతిపనిగా నిలిచింది చిలకలపూడి రోల్డ్ గోల్డు, పెడన అద్దకం. మిగిలిన ఎగుమతి మనమే. మా బ్యాచిలో బందరులో ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మనల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పని ఉన్నచోటికి మనిషి పోతాడు. మద్రాసుకు వెళ్ళిన అద్దకపు పనివాడూ అంతే చేశాడు.

రాబోయే రేవు

2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి మన రేవుకు పనుల ప్రారంభం జరిగింది. ఇప్పుడు మంగినపూడి వైపు వెళితే రాళ్ళ కట్టలు సముద్రంలోకి పోతూ కనబడతాయి. నాకూ ఒళ్ళు పులకరించింది. లోతు లేకపోవడం ఈ రోజుల్లో పెద్ద సమస్య కాదు. డ్రెడ్జరు తవ్వుతుంది, బ్రేక్‌వాటర్ కెరటాన్ని ఆపుతుంది. తవ్విన కాలువ పూడకుండా ఏటా ఖర్చు పెడుతూనే ఉండాలి, ఆ ఖర్చు సరుకు మీదే రావాలి.

కాబట్టి సముద్రం వైపు చూసే మనవాళ్ళందరినీ ఒకసారి వెనక్కి తిరిగి చూడమంటాను. హైదరాబాదు నుంచి సరుకు ఏ దారిన వస్తుంది? పక్కనే కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం పాతుకుపోయి ఉన్నాయి. మన చెరువుల రొయ్య మన కళ్ళ ముందే ఐసు బండ్లలో ఆ రేవులకు పోతోంది. దాన్ని ఇక్కడ ఆపగలిగే శీతల గిడ్డంగులు, శుద్ధి కర్మాగారాలు, గుడివాడ మీదుగా గూడ్సు బళ్ళకు తగిన లైను సామర్థ్యం రేవుతో పాటే లేవాలి. లేకపోతే బొగ్గు దిగి, మనకు బూడిద మిగిల్చి పోయే రేవు అవుతుంది. బందరు ఊరు బతికిన రోజుల్లో రేవు దాటి పోయిన సరుకు చుట్టుపక్కల పల్లెల్లో తయారైన సరుకు. ఆ తేడా మరవకూడదు.

మన సంఘం చేయగలిగింది కూడా ఇక్కడే ఉంది. రేవు మొదలయ్యాక క్రేను నడిపేవాళ్ళు, వెల్డర్లు, కస్టమ్స్ కాగితాలు చూసేవాళ్ళు, శీతల గిడ్డంగుల మెకానిక్కులు కావాలి. ఆ శిక్షణ మన పిల్లలకు ముందుగా లేకపోతే ఆ ఉద్యోగాలకు బయటివాళ్ళు వస్తారు, మన పిల్లలు మళ్ళీ రైలెక్కుతారు. స్వర్ణోత్సవ నిధిలో కొంత ఏటా పదిమంది విద్యార్థుల శిక్షణకు కేటాయించాలని నా ప్రతిపాదన. నా వంతు నేను ఇస్తాను, ఏటా వారం రోజులు వచ్చి పాఠం చెబుతాను కూడా.

గురువులకు నా నమస్కారాలు. తొమ్మిదో తరగతి సోషల్ పాఠంలో ఉప్పెన తర్వాత ఇంకో రెండు పేజీలు చేర్చమని ఇప్పటి మాస్టార్లకు నా మనవి. మిత్రులందరికీ స్వర్ణోత్సవ శుభాకాంక్షలు.